వ్రాతలకు చీటీలు కట్టు విధము

మన మార్కాపురము పలకలకు పుట్టినిల్లు. ఈ నేల క్రిందినుండి తీసిన రాతిపలకలపై తెలుగునాట ఎందఱో బాలబాలికలు ఓనమాలు దిద్దిరి. పలకమీది వ్రాతకు ఒక గుణము కలదు. తడిగుడ్డతో తుడిచిన చాలును, మాసిపోవును. కంప్యూటరునందలి వ్రాత గుణము దీనికి విరుద్ధమైనది. అది తనంత తాను మాసిపోదు, ఉన్నచోటనే యుండును, కాని కావలసిన నాడు కంటికి కనబడదు. పోయినదానిని మరల వ్రాసికొనవచ్చును. ఉన్నదని నిశ్చయముగా నెఱిగియు చేతికందనిదానితో వచ్చు చిక్కు వేఱు. ఈ చిక్కును తొలగించు ఒక చిన్న యుపాయమును మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును తెలియజేయుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

ఇది కేవలము కంప్యూటరు ముచ్చట కాదు. మన పశ్చిమ ప్రాంతమున భూగర్భజలములయందు ఫ్లోరైడు మిక్కుటమని యందఱెఱుగుదురు. త్రాగు నీటియందు ఒక లీటరునకు 1.5 మిల్లిగ్రాములకు మించి యుండరాదని నియమము. మన వంటి పాఠశాలల విద్యార్థులు సెలవులలో ఇండ్లకు పోయినపుడు తమ గ్రామముల బోరుబావులను గూర్చియు, పరీక్ష చేయించిన యెడల వచ్చిన యంకెలను గూర్చియు వ్రాసికొని వచ్చిరనుకొందము. మూడేండ్ల పిమ్మట ఒక గ్రామపెద్దకు గాని వైద్యునికి గాని ఆ యంకెలు కావలసివచ్చును. అప్పుడు ఆ వ్రాత “కొత్త ఫైలు 3” అను పేరుతో ఎక్కడనో పడియున్నచో, ఆ బాలుని శ్రమయు, నీరు మోసిన తల్లి శ్రమయు వ్యర్థమే. అట్లే పనులకై గుంటూరునకో హైదరాబాదునకో వలసపోయి మరల వచ్చు కుటుంబములు మనలో పెక్కు కలవు. వారి బిడ్డల చదువు వివరములు ఒక్కచోట దొరకక, ప్రవేశపు గడువు దాటిపోవుట తలిదండ్రులకు క్రొత్తగా చెప్పవలసిన సంగతి కాదు.

ఇక విషయమునకు వత్తము. కంప్యూటరునందు వ్రాతకు సాధనమగు కూర్పుపనిముట్టును టెక్స్ట్ ఎడిటరు అందురు. రంగులు, పటములు, అలంకారములు లేక అక్షరములను మాత్రమే దాచు సాధనమిది. నోట్‌ప్యాడ్ మొదలు విమ్, ఈమ్యాక్స్ వఱకు ఇందు పెక్కు భేదములు కలవు. ఉత్త అక్షరములు గల ఫైలునందు ఒక గొప్ప మేలున్నది. ఏ కంప్యూటరుననైనను, చేతిఫోనునందైనను, నలువది యేండ్ల క్రిందటిదైనను అది తెఱచుకొనును. తెలుగు అక్షరములకు యూనికోడునందు 1991వ సంవత్సరముననే స్థానము దొరకినది గనుక నేడు మన లిపియందు వ్రాయుటకును, మన లిపియందే ఫైలునకు పేరు పెట్టుటకును అడ్డు లేదు.

ఫైళ్లను అమర్చుటకు జనులు సాధారణముగా చేయునది సంచులు కట్టుట. ఒక సంచిలో మఱియొక సంచి, దానిలో ఇంకొకటి, వీనినే ఫోల్డరులందురు. జిల్లా పేరుతో ఒకటి, దానిలో తాలూకా పేరుతో ఒకటి, దానిలో గ్రామము. చూచుటకు ఇది చక్కని పద్ధతివలె నుండును. మన సీమయందే దీనిని పరీక్షించి చూతము.

కంభము చెరువును గూర్చి ఒక విద్యార్థి వ్యాసము వ్రాసెననుకొనుడు. గుండ్లకమ్మకు కొండల నడుమ కట్ట వేసి విజయనగర రాజుల కాలమున నిర్మించిన యీ చెరువు మనకు గర్వకారణము. ఆ వ్యాసమును ఏ జిల్లా సంచిలో వేయవలెను? 1800 సంవత్సరమున నిజాము ఈ సీమను కుంపిణీవారికి దత్తము చేసెను. పిమ్మట కంభమును మార్కాపురమును కడప జిల్లాలో చేరెను. 1858లో కర్నూలు జిల్లా యేర్పడగా వీనిని దానిలో కలిపిరి. 1970లో మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలునుండి విడిపోయి, గుంటూరు, నెల్లూరు జిల్లాల తాలూకాలతో కూడి ఒంగోలు జిల్లాలో చేరెను. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. 1985లో తాలూకాలే పోయి మండలములు వచ్చెను. ఊరు కదలలేదు, చెరువు కదలలేదు. పై సంచి మాత్రము మాటిమాటికి మాఱినది. 1840 నాటి సంగతి వ్రాసినవాడు కడప సంచిలోను, 1930 నాటిది వ్రాసినవాడు కర్నూలు సంచిలోను, మొన్న వ్రాసినవాడు ప్రకాశము సంచిలోను వేసినచో, ఒకే చెరువు మూడు చోట్ల దాగును. అంతటితో తీరదు. ఆ వ్యాసము చరిత్రయా, వ్యవసాయమా, భూగోళమా? మూడును నగును. సంచి మాత్రము ఒక్కటియే.

పుస్తకశాలలవారిని ఈ చిక్కు మనకంటె ముందే బాధించినది. అమెరికాయందు డ్యూయీ 1876లో చేసిన యంకెల పద్ధతి ప్రకారము ఒక పుస్తకము ఒక్క బీరువాయందే ఒక్క చోటనే యుండును. మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయమును నిర్వహించిన రంగనాథన్ గారు 1933లో ప్రకటించిన కోలన్ వర్గీకరణమున పుస్తకమును ఒక్క ముఖమునుండి గాక విషయము, స్థలము, కాలము మున్నగు పలు ముఖములనుండి గుర్తించు మార్గమును చూపిరి. నేటి చీటీల పద్ధతికి ఈ యాలోచన దగ్గఱి చుట్టము.

అంత దూరము పోనక్కఱలేదు. మన గ్రామ కరణములే దీని నెఱిగియుండిరి. అడంగలులో భూములు సర్వే నంబరు వరుసను ఉండును: ఈ నంబరు చేను ఎంత, అందేమి పండినది, ఎవరు సాగుచేయుచున్నారు అని. పది ఒకటి ఖాతాలో అవే భూములు పట్టాదారు పేరు వరుసను ఉండును: ఈ రైతుకు ఏయే నంబరులు కలవు అని. చేను ఒక్కటియే, దానిని చేరుటకు త్రోవలు రెండు. చేను చేతులు మాఱినను సర్వే నంబరు మాఱదు గనుక రెండు లెక్కలును ఒకదానితో నొకటి కలిసికొనుచుండెను. 1984లో కరణీకములు రద్దయినవి గాని ఆ లెక్కల తెలివి పోవలసినది కాదు. మనము కంప్యూటరునందు చేయబోవునదియు ఇదియే: ప్రతి వ్రాతకును మాఱని నంబరొకటి, దానిపై పలు త్రోవలను చూపు చీటీలు కొన్ని.

చీటీ యనగా ట్యాగు. బజారులో సామానుల మూటకు కట్టు చీటీవంటిదే. మూటను ఒక్క కొట్టులోనే పెట్టగలము. చీటీలను మాత్రము ఎన్నియైనను కట్టవచ్చును.

“ఇంత శ్రమ యేల? ఎడిటరునందు వెదుకు సాధనమున్నది గదా, కావలసిన మాట కొట్టిన చాలదా?” అని తెలివిగల బాలుడు అడుగవచ్చును. ప్రశ్న మంచిది. 1973లో కెన్ థాంప్సన్ అను నాతడు గ్రెప్ అను సాధనమును నిర్మించినది మొదలు వేలకొలది ఫైళ్లలో ఒక మాటను రెప్పపాటులో పట్టుట సాధ్యమైనది. కాని మన భాష స్వభావమును ఒకింత తలపవలెను. “నీరు” అని వెదకుదము. “నీటికొరత” అని వ్రాసిన ఫైలు దొరకదు. “నీళ్లు” అని వ్రాసినదియు దొరకదు. నీరు, నీటి, నీళ్లు అను మూడును మనకు ఒకటే. యంత్రమునకు మూడును వేఱు. ఊరు, ఊరి, ఊళ్లు అట్టివే. ఇంతకును “కన్నీరు” అని యెవరో వ్రాసికొన్న పద్యము మాత్రము తప్పక వచ్చి యెదుట నిలుచును, అందు చివరి యక్షరములు నీరే గనుక! కావలసినది రాకుండుటయు, అక్కఱలేనిది వచ్చుటయు ఏకకాలమున జరుగును. మాటకు విభక్తి చేరినపుడు రూపము మాఱు మనవంటి భాషలకు చీటీల యవసరము ఇంగ్లీషువారికంటె హెచ్చని మా యభిప్రాయము. చీటీపై మాట ఎన్నడును ఒకే రూపమున ఉండును.

ఊళ్ల పేరుల సంగతి మఱియు వింత. మార్కాపురము, మార్కాపురం, మార్కాపూర్ అని ఒకే యూరిని మూడు విధముల వ్రాయుదురు. కంభమును కొందఱు కంబమని వ్రాయుదురు. చెరువును పెద్దలు బండిఱతో చెఱువని వ్రాయుదురు. కంటికి ఒకే రీతి కనబడు మాటలలోను భేదముండవచ్చును: పొల్లుహల్లు తరువాత అక్షరములు కలియకుండుటకై కంటికి కనబడని సంజ్ఞయొకటి నడుమ పెట్టుదురు. ఒకరు దానిని పెట్టి మఱియొకరు పెట్టకున్నచో యంత్రము ఆ రెంటిని వేఱు మాటలుగా తలచును. కనుక చీటీలకు అట్టి సంజ్ఞలు రాని, చిన్నవియు సుబోధమునగు మాటలనే యేర్పఱచుకొనవలెను.

పద్ధతి యెట్లన: ఫైలు పేరులోనే మూడు భాగములుండవలెను. మొదట తేదీ, నడుమ శీర్షిక, చివర చీటీలు. ప్రోటెసిలావోస్ స్టావ్రూ అను నాతడు 2022లో ఈమ్యాక్స్ ఎడిటరుకొఱకు వెలువరించిన డినోట్ అను ఉపకరణమున ఈ విధానము కలదు. బాలురకు సుకరముగా నుండుటకై దానిని ఒకింత తేలికచేసి ఇచ్చట చూపుచున్నాము.

20250812-0930--కంభము-చెరువు-సందర్శనము__కంభము_చరిత్ర_నీరు

మొదటి యంకెలు 2025వ సంవత్సరము, ఎనిమిదవ నెల, పండ్రెండవ దినము, తొమ్మిదిన్నర గంటలు. ఇదియే ఆ వ్రాతకు సర్వే నంబరు. శీర్షికను మార్చినను, చీటీలను మార్చినను దీనిని ఎన్నడును మార్చరాదు. ఒక ఫైలునుండి మఱియొక ఫైలును సూచింపవలసినచో ఈ యంకెను వ్రాసిన చాలును. సంవత్సరము ముందుగా వచ్చుటయు ఊరక చేసినది కాదు. మనము వాడుకగా దినమును ముందు వ్రాయుదుము. అట్లు వ్రాసినచో యంత్రము 1970 ఫిబ్రవరి 2వ తేదీని 1858 మార్చి 5వ తేదీకి ముందు నిలుపును, ఏలయన 02 అనునది 05 కంటె చిన్నది. సంవత్సరము ముందుండిన, ఫైళ్లు తమంత తామే కాలక్రమమున వరుసదీరును. గంటలకును నిమిషములకును నడుమ రెండు చుక్కల గుర్తు పెట్టరాదు. విండోస్ దానిని ఫైలు పేరున ఒప్పుకొనదు.

శీర్షికకు ముందు రెండు అడ్డగీతలు, చీటీలకు ముందు రెండు క్రింద గీతలు, చీటీకిని చీటీకిని నడుమ ఒక క్రింద గీత. ఈ గీతలే పద్ధతికి ప్రాణము. ఇప్పుడు “నీరు” అని గాక “_నీరు” అని, క్రింద గీతతో కూడ వెదకుడు. కన్నీరు రాదు. శీర్షికలో ఊరక నీరు అను మాట వచ్చిన ఫైళ్లును రావు. నీటిని గూర్చినదని మనము తలచి చీటీ కట్టినవి మాత్రమే వచ్చును. వానిలో మరల “_కంభము” అని వడగట్టిన, కంభపు నీటిని గూర్చిన వ్రాతలన్నియు, అవి చెరువును గూర్చినవైనను, బోరుబావిని గూర్చినవైనను, వెలిగొండ సొరంగములను గూర్చినవైనను, ఒక్క వరుసన కనబడును. జిల్లా పేరు అడుగవలసిన పనియే లేదు. కావలసినవారు “కర్నూలు” అనియు “ప్రకాశము” అనియు రెండు చీటీలును కట్టుకొనవచ్చును, ఒకదానికొకటి అడ్డురావు.

ఈమ్యాక్స్ 1976లో అమెరికాయందు రిచర్డ్ స్టాల్‌మన్ మొదలగువారి చేత పుట్టినది. కార్స్‌టెన్ డొమినిక్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు 2003లో దానికి ఆర్గ్ అను భాగమును చేర్చెను. అందు ఫైలునకే గాక ఫైలు లోపలి ఒక్కొక్క శీర్షికకును వేఱువేఱుగా చీటీలు కట్టవచ్చును. పది గ్రామముల సంగతులు ఒకే పెద్ద ఫైలునందు వ్రాసికొనువారికి అది యుపయోగము. కాని పేరులోనే చీటీ కట్టు పద్ధతికి ఒక మేలు కలదు. ఎడిటరు మాఱినను, కంప్యూటరు పాతదైనను, ఫైలును చిన్న మెమరీ కడ్డీలో వేసికొని గిద్దలూరునుండి నంద్యాలకు పోయినను, చీటీ వెంటనే పోవును. మేము విద్యార్థులకు దీనినే ముందుగా నేర్పుదుము.

ఒక్క హెచ్చరిక. తెలుగు అక్షరములు యంత్రమున ఎక్కువ చోటు తినును. లినక్సు నడుచు యంత్రములలో ఫైలు పేరు 255 బైట్లకు మించరాదు. తెలుగున ప్రతి గుర్తును, గుణింతమును పొల్లును సహా, మూడేసి బైట్లు పట్టును. “మార్కాపురము” అను నొక్క మాటకే 33 బైట్లు! కాబట్టి ఫైలు పేరునందు వ్యాసమంతయు వ్రాయబూనరాదు.

ఇక కష్టమైన భాగము యంత్రమున లేదు, చీటీల నేర్పఱచుటలో నున్నది. నలుగురు విద్యార్థులు కలిసి పనిచేయునపుడు ఒకడు “నీరు” అనియు, ఒకడు “జలము” అనియు, ఒకతె “త్రాగునీరు” అనియు కట్టినచో మూడు మూటలు మూడు మూలల చేరును. అందువలన మొదటి దినముననే చీటీల పట్టిక యొకటి వ్రాయవలెను. అదియు ఒక ఫైలే. అందు ఒక్కొక్క చీటీ ఒక్కొక్క పంక్తిలో నుండి, ప్రక్కన దాని యర్థమును, దానికి బదులు వాడరాని మాటలును ఉండవలెను: “కంభము: కంబము, కంభం అని వ్రాయరాదు” అనునట్లు. క్రొత్త చీటీ కావలసినవాడు పట్టికను చూచి, లేనిచో దానిలో చేర్చి, పిమ్మట కట్టవలెను. పట్టిక ముప్పది నలువది పంక్తులకు మించిన, ఎవరును చదువరు.

“ముఖ్యము” అను చీటీని మేము మెచ్చము. మొదటి వారము రెండు ఫైళ్లు ముఖ్యములు. సంవత్సరాంతమునకు అన్నియు ముఖ్యములే యగును. అన్ని మూటలకును కట్టిన చీటీ ఏ మూటను చూపును? “ఇతరములు” అనునదియు అట్టిదే. ఒక్క ఫైలునకు మాత్రమే పనికివచ్చు చీటీయు అక్కఱలేదు. దానికి శీర్షికయే చాలును. వ్రాత దేనిని గూర్చినది అని గాక, రేపు దీనిని ఎవరు ఏ మాటతో అడుగుదురు అని తలచి కట్టిన చీటీ నిలుచును. తల్లి వచ్చి “మా ఊరి నీళ్ల కాగితము” అని యడుగును. “జలరసాయన విశ్లేషణము” అని యడుగదు. సాధారణముగా ఒక వ్రాతకు ఊరొకటి, విషయములు ఒకటి రెండు, అంతటితో చాలును.

విద్యార్థుల పేరులను, వారి వ్యాధులను, కుటుంబపు కష్టములను చీటీలుగా కట్టరాదని గట్టిగా చెప్పుచున్నాము. ఫైలు తెఱువకున్నను దాని పేరు అందఱికిని కనబడును. ఫ్లోరైడు వలన పండ్లు మచ్చలుపడిన బాలిక పేరు ఒక జాబితాలో ఎల్లరి యెదుట నిలుచుట న్యాయము కాదు. అట్టివానిని లోపల వ్రాసి, తాళము గల చోట నుంచవలెను. పైన ఊరు, సంవత్సరము ఉన్న చాలును.

సేకరించుట వేఱు, దొరకునట్లు చేయుట వేఱు. మెకంజీ దొర కావలి సోదరులగు బొర్రయ్య, లక్ష్మయ్యల సాయముతో దక్షిణదేశమున ఊరూర తిరిగించి కైఫియత్తులను, శాసనములను రాసులుగా పోగుచేయించెను. ఆయన 1821లో మరణించెను. విల్సన్ పండితుడు వానికి పట్టిక కూర్చి 1828లో ప్రకటించెను. సేకరించినవానికంటె పట్టిక కూర్చినవానిని లోకము తక్కువ తలచుకొనును. అయినను నేడు తన గ్రామపు కైఫియత్తు కావలెనని వెదకువాడు ముందుగా తెఱచునది ఆ పట్టికలనే.

ఇంతవఱకు చదివి, తమ కంప్యూటరునందు ఇప్పటికే యున్న వందలాది ఫైళ్లను తలచుకొని నిట్టూర్చువారు కొందఱుందురు. పాతవాని జోలికి ఒక్కసారిగా పోవలదు. నేటినుండి వ్రాయు ప్రతి వ్రాతకును తేదీయు చీటీలును పెట్టుడు. పాతదానిని ఏ యవసరముచేతనైనను తెఱచినపుడు, మూయుటకు ముందు దాని పేరు సరిచేయుడు. వ్రాసిన తేదీ తెలిసిన దానినే పెట్టుడు, తెలియకున్న సంవత్సరమైనను పెట్టుడు. ఎన్నడును తెఱువనివి అట్లే యుండనిండు. ఏడాదికి రెండు పర్యాయములు, అర్ధవార్షిక పరీక్షల పిమ్మట ఒకసారియు, వేసవి సెలవులకు ముందొకసారియు, చీటీల పట్టికను ముందు పెట్టుకొని, ఒకే యర్థము గల రెండు చీటీలున్నచో ఒకదానిని తీసివేయుడు. ఈమ్యాక్స్ వంటి ఎడిటరులలో ఫైళ్ల పేరుల పట్టికనే ఒక వ్రాతవలె తెఱచి, “_జలము” అని యున్న చోటులనెల్ల ఒక్క యాజ్ఞతో “_నీరు” అని దిద్దవచ్చును. ఆ పని చేయుటకు ముందు సమస్త ఫైళ్లకును ఒక ప్రతి తీసి వేఱు చోట నుంచవలెను.